బోరు నీటి లాన్‌పై అన్నభేది, సముద్రపు నాచు ద్రావణం: కొన్నేళ్ల వాడకం తర్వాత

హైదరాబాదు శివారులో, బోరు నీటి మీదే బతికే మా గరిక లాన్‌పై కొన్నేళ్లుగా అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), సముద్రపు నాచు ద్రావణం, ఈ రెండింటినీ పిచికారి చేస్తున్నాను. దుకాణాల్లో రెండింటికీ ‘పచ్చదనం వస్తుంది’ అనే ఒకే మాట చెబుతారు కానీ, వాటి పనితీరులో పోలికే లేదు.

మా నీటిలో కార్బొనేట్లు ఎక్కువ కావడంతో కుళాయి చుట్టూ తెల్లటి పొర కడుతుంది. ఇలాంటి నీరు పారే క్షార నేలలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు కాబట్టి, లేత ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య భాగం పసుపు బారుతుంది. ముదురాకులు ముందుగా పసుపెక్కితే మాత్రం అది చాలావరకు నత్రజని లోపం; దానికి అన్నభేది చల్లి ప్రయోజనం లేదు. వేరుశనగలో ఇనుప ధాతు లోపానికి మన రైతులు వాడే మోతాదే, అంటే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ ఆమ్లం), నేనూ వాడుతున్నాను. నిమ్మఉప్పును ముందుగా కరిగించాలి. అది లేకుండా బోరు నీటిలో అన్నభేది వేస్తే, లేత ఆకుపచ్చగా ఉన్న ద్రావణం కాసేపటికే మడ్డి టీ రంగుకు తిరుగుతుంది; ఆ ఇనుము ఆకుకు అందడం కష్టం. కొనేటప్పుడు కూడా పలుకులు లేత ఆకుపచ్చగా ఉన్నాయో లేదో చూడండి, గోధుమ రంగు పొడిగా మారిన సరుకు వద్దు.

రంగు కొద్ది రోజుల్లోనే తేరుకుంటుంది. యూరియా వేసినట్టు గడ్డి ఏపుగా ఎదగదు కనుక కోత పని పెరగదు, నాకు బాగా నచ్చినది ఇదే. అయితే ముదురాకు నుంచి కొత్త ఆకుకు ఇనుము పెద్దగా కదలదు, పైగా కోసిన ప్రతిసారీ కొంత పోతుంది. అందుకే కొన్ని వారాలకు మళ్లీ చల్లక తప్పదు. తుంపర పడిన షాబాదు బండలను వెంటనే కడగాలి, ఎండితే తుప్పు మరక వదలదు. 12 శాతం ఇనుము ఉండే చిలేటెడ్ రకంతో (ఇనుమును సేంద్రియ పదార్థంతో బంధించి ఉంచినది) ఈ బెడద తక్కువే కానీ, ధర ఎక్కువ. గడ్డి రంగులో మాత్రం నాకు తేడా కనిపించలేదు.

నాచు ద్రావణం సంగతి వేరు. తమిళనాడు తీరంలో సాగయ్యే కప్పాఫైకస్ వంటి నాచుల నుంచి దీన్ని తీస్తారు. ఇందులో నత్రజని నామమాత్రం. పొటాష్‌తో పాటు సైటోకైనిన్ల వంటి మొక్కల హార్మోన్లు ఉంటాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ఇలాంటి ఉత్పత్తులను బయోస్టిమ్యులెంట్లుగా (మొక్క ఎదుగుదలను ప్రేరేపించేవిగా) 2021లో చేర్చారు, కాబట్టి దీన్ని ఎరువుగా ఎంచకూడదు. లాన్‌లో ఒక చాలును ఏ మందూ చల్లకుండా వదిలి పోల్చాను. మే నెలలో గడ్డి మాడాక మొదలుపెట్టిన ఏడాది తేడా ఏమీ కనిపించలేదు. ఎండలు ముదరకముందే మొదలుపెట్టిన ఏళ్లలో మాత్రం చల్లిన భాగం, నీటి తడి ఆలస్యమైనా, వదిలేసిన చాలు కంటే త్వరగా కోలుకుంది. నీరే సరిపోని చోట ఇదీ ఏమీ చేయలేదు.

రెండింటినీ సాయంత్రం పూటే చల్లుతాను. నడి వేసవిలో అన్నభేది మోతాదు సగానికి తగ్గిస్తాను, లేకపోతే ఆకు కొనలు నల్లబడతాయి. ఒక్కటే కొనాలంటే అన్నభేదే కొంటాను. నాచు ద్రావణాన్ని శివరాత్రి నాటికే మొదలుపెట్టగలిగిన వారికి మాత్రమే సూచిస్తాను.