చెరోకీ దస్త్రాల కోసం ఓక్లహోమా: ఏది దండగ, ఏది దక్కింది

అమెరికా ఆదివాసీ తెగల్లో ఒకటైన చెరోకీల పాత దస్త్రాలు చూడ్డానికి ఓక్లహోమా రాష్ట్రం వెళ్లాం. ముందు ఒళ్లు మండించిన సంగతి. టల్సాలో ఒక ప్రైవేటు సంస్థ ‘చెరోకీ వంశావళి ప్యాకేజీ’ పేరుతో 285 డాలర్లు పుచ్చుకుని, డాస్ కమిషన్ (తెగల సభ్యుల జాబితా తయారుచేసిన అమెరికా ప్రభుత్వ సంఘం) కార్డుల ప్రింట్లు కొన్ని స్పైరల్ బైండింగ్ చేసి చేతిలో పెట్టింది. ఆ కార్డులు అమెరికా ప్రభుత్వ దస్త్రాల భాండాగారం నేషనల్ ఆర్కైవ్స్ సైట్లో పైసా ఖర్చు లేకుండా కనిపిస్తాయి. పైగా ఇచ్చినవాటిలో సగం వేరే కుటుంబాలవి. రోల్ నంబరునూ కార్డు నంబరునూ ఒకటే అనుకుని తీసిచ్చారు. ఇదే పని మీద బతికేవాళ్లకు ఆ మాత్రం తెలియకపోవడం క్షమించరానిది.

తేడా ఇది. డాస్ తుది జాబితాలో రోల్ నంబరు మనిషికి ఒకటి, కార్డు నంబరు కుటుంబానికి ఒకటి. అసలు సరుకంతా, అంటే సాక్షుల వాంగ్మూలాలు, పెళ్లి కాగితాలు, పిల్లల పుట్టుక అఫిడవిట్లు, దరఖాస్తు ప్యాకెట్‌లో ఉంటుంది. ఆ ప్యాకెట్ కార్డు నంబరు మీదే దొరుకుతుంది. పుట్టుకతో చెరోకీలైనవారికీ, పెళ్లితో వచ్చిన తెల్లవారికీ, బానిసత్వం నుంచి విడుదలైన ఫ్రీడ్‌మెన్‌కూ వరసలు వేరువేరు. కాబట్టి ఉత్త ‘చెరోకీ 412’ అని అడిగితే ఎవరి కాగితాలో వస్తాయి. వర్గం పేరు తప్పకుండా చెప్పాలి. తిరస్కరించినవారి కార్డుల మీద ‘ఆర్’, అనుమానంలో పెట్టినవారి కార్డుల మీద ‘డి’ ఉంటుంది. తుది జాబితాలో పేరు లేనంత మాత్రాన కాగితాలు లేవని కాదు.

నేషనల్ ఆర్కైవ్స్‌లో కార్డులు ఎం1186, ప్యాకెట్లు ఎం1301 మైక్రోఫిల్మ్ వరసల్లో ఉంటాయి. తూర్పు చెరోకీల నష్టపరిహారం కోసం 1906 నుంచి 1909 వరకు నడిచిన గయన్ మిల్లర్ దరఖాస్తులు ఎం1104లో 348 రీళ్లు. వంశం కోసం వెతికేవాళ్లకు నా ఓటు వీటికే. దరఖాస్తుదారు తన చెరోకీ పేరు, తల్లిదండ్రులు, తాత బామ్మల వివరాలు అన్నీ రాయాల్సి వచ్చింది. ఇవన్నీ ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ప్రయాణపు డబ్బు అసలు ప్రతుల కోసమే దాచుకోండి.

టల్సా నుంచి చెరోకీల రాజధాని టాలెక్వా వెళ్లడానికి మస్కోగీ టర్న్‌పైక్ ఎక్కొద్దు. అక్కడ నగదు తీసుకోరు, నంబరు ప్లేటు ఫోటో తీసి బిల్లు పంపిస్తారు. టోలు మూడు డాలర్లు కూడా కాలేదు కానీ అద్దె కారు వాళ్లు ‘నిర్వహణ రుసుము’ అని 14.85 తగిలించారు. కోవీటా, వాగొనర్ మీదుగా వెళ్లే 51వ నంబరు రోడ్డు హాయిగా ఉంటుంది.

టాలెక్వాలో బస సంగతి జాగ్రత్త. వేసవిలో ఇల్లినాయ్ నదిలో పడవల సరదాకి జనం విరగబడతారు. వారం మధ్యలో 89 డాలర్లున్న మోటెల్ గది శుక్రవారానికి 164 అయింది. దుప్పటి మీద సిగరెట్ కాలిన కన్నం, పనిచేయని ఏసీ, అడిగితే ‘ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యండి’ అన్న సమాధానం. డాలస్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చిన మా తోడల్లుడు ఆ రాత్రి పూర్తిగా మాట మానేశాడు. లేబర్ డే వారాంతంలోనైతే అసలు గదులే దొరకవు. 1839 సెప్టెంబరు 6న రాజ్యాంగం మీద సంతకాలు చేసినదానికి గుర్తుగా చెరోకీ జాతీయ పండుగ అప్పుడే జరుగుతుంది. మంగళవారం నుంచి గురువారం లోపు పని ముగించుకోండి.

ఊళ్లో 1844 నాటి చెరోకీల సుప్రీంకోర్టు భవనం ఇప్పుడు మ్యూజియం. ‘చెరోకీ అడ్వొకేట్’ పత్రిక అచ్చయింది అక్కడే. చిన్న భవనమే, కానీ గంట కేటాయించండి. జార్జియాలోని న్యూ ఎకోటాలో 1828 ఫిబ్రవరి 21న మొదలైన ‘చెరోకీ ఫీనిక్స్’ పాత సంచికలు ముందే చదివి వెళ్తే ఇక్కడి అచ్చు అక్షరాలకు ప్రాణం వస్తుంది. ఆ పత్రిక చందా ప్రకటన ఒక్కటి చాలు, వాళ్ల ఆలోచన తెలియడానికి: ముందుగా కడితే రెండున్నర డాలర్లు, ఆర్నెల్లకైతే మూడు, ఏడాది చివరికైతే మూడున్నర. చెరోకీ ఒక్కటే చదవగలిగినవారికి రెండు డాలర్లే.

లిపి నేర్చుకోకుండా వెళ్లకండి. చెరోకీ భాషకు సెక్వోయా అనే ఆయన తయారుచేసిన లిపిలో ఇప్పుడు వాడేవి 85 అక్షరాలు. చూడ్డానికి ఇంగ్లీషు ‘డి’ లాంటిది ‘అ’, ‘ఆర్’ లాంటిది ‘ఎ’, ‘టి’ లాంటిది ‘ఇ’. చిక్కల్లా ‘లా’, ‘టా’లతో. రెండూ ఇంగ్లీషు ‘డబ్ల్యూ’ లాగే ఉంటాయి, తేడా చిన్న కొక్కెం. మైక్రోఫిల్మ్ మసకబారితే ఆ కొక్కెం ఎగిరిపోయి ఊరి పేరే మారిపోతుంది. పేర్లతో ఇంకో తంటా. సెక్వోయా ఇంగ్లీషు కాగితాల్లో జార్జ్ గెస్, గిస్ట్. చెరోకీల పెద్ద నాయకుడు జాన్ రాస్ చెరోకీ పేరు కూవీస్కూవీ. అన్ని రూపాలూ రాసుకుని వెళ్లాలి.

ఓక్లహోమా సిటీలో హిస్టారికల్ సొసైటీ పరిశోధన గది ఈ ప్రయాణంలో అన్నిటికన్నా మేలు. 1934లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో చెరోకీలతో సహా ఐదు తెగల ప్రభుత్వ దస్త్రాలు వీళ్ల చేతికొచ్చాయి. పెన్ను బయటే పెట్టాలి, లోపలికి పెన్సిలే. ఒకసారి ఒకే ఫోల్డరు తెరవండి, కాగితాల వరస చెదరనివ్వకండి. ప్రతి ఫోల్డరుకూ ముందు పెట్టె నంబరు, ఫోల్డరు నంబరు రాసిన చీటీని ఫోటో తీసి, ఆ తర్వాతే కాగితాలు తీయండి. లేకపోతే ఇంటికొచ్చాక ఏ బొమ్మ ఎక్కడిదో తేలదు. నార్మన్‌లో విశ్వవిద్యాలయపు వెస్టర్న్ హిస్టరీ కలెక్షన్స్‌లో చెరోకీ నేషన్ పేపర్లున్నాయి. ముందే ఉత్తరం రాసి వెళ్తే పని సాఫీగా అయిపోతుంది.

మా తోడల్లుడి అలక తీర్చింది 1836 నాటి ఆస్తి మదింపు జాబితాల స్కాన్లు. చెరోకీలు తూర్పు భూములు వదిలి పడమరకు పోవాలన్న న్యూ ఎకోటా ఒప్పందం తర్వాత మదింపుదార్లు చెరోకీల ఇంటింటికీ తిరిగి ఇంటి పొడవు వెడల్పులు, కంచె వేసిన ఎకరాలు, పీచ్ చెట్లు, ఆపిల్ చెట్లు లెక్కగట్టి రాశారు. నూజివీడు మామిడి తోటల మధ్య పెరిగిన మనిషి, మోటెల్ గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్కో ఇంటి చెట్లూ కూడుతూ పోయాడు. వెళ్లగొట్టబోయే ముందు వాళ్లకేం ఉండేదో ఇంత దగ్గరగా చూపించే కాగితం మరొకటి లేదు.

తిండి దగ్గర శాకాహారులకు కష్టమే. ఫ్రై బ్రెడ్ పంది కొవ్వులో వేయించారేమో అడగండి. కానీ టాలెక్వా దగ్గర ఒక సామూహిక భవనంలో విరాళాల భోజనం, ప్లేటు 12 డాలర్లు, అద్భుతం. బీన్ బ్రెడ్ అంటే మొక్కజొన్న పిండిలో చిక్కుళ్లు కలిపి ఆకులో చుట్టి ఉడికిస్తారు, మన పొట్టిక్కల్లాగే. ఇంకొకటి కనుచీ. హికరీ కాయల్ని పగలగొట్టి, దొల్లించిన దుంగ రోట్లో దంచి ఉండలు చేస్తారు. ఉండను మరిగే నీళ్లలో కరిగించి, పెంకుల ముక్కలు వడగట్టేసి, పొట్టు తీసిన మొక్కజొన్న గింజల్లో కలుపుతారు. చిక్కటి గింజల పాలు. వడగట్టడంలో తొందరపడితే పంటికింద పెంకు తగులుతుంది. మాకు వడ్డించిన పెద్దావిడ రెండుసార్లు వడగట్టింది.

వైద్య మంత్రాల రాతప్రతుల విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోండి. మానవశాస్త్రవేత్త జేమ్స్ మూనీ 1887 నుంచి నార్త్ కరోలినాలో సేకరించినవాటిలో చెరోకీ వైద్యుడు అయూనిని (ఇంగ్లీషులో స్విమ్మర్) రాసుకున్న చిన్న డేబుక్ ఒకటి. సుమారు 240 పేజీల ఆ పుస్తకంలో దాదాపు సగం చెరోకీ లిపిలో నిండింది. మూనీ సేకరణ సూట్‌లాండ్‌లో స్మిత్‌సోనియన్ మానవశాస్త్ర ఆర్కైవ్స్‌లో ఉంది. ఇవి కొందరికి ఇప్పటికీ పవిత్రం. చూపించకపోతే వాదించొద్దు, చూపిస్తే అనుమతి లేకుండా ఫోటో తీయొద్దు. ఆర్కైవ్స్‌కు ఉత్తరం రాసేటప్పుడు ఏ పేజీ కావాలో, ఎందుకు కావాలో రెండు వాక్యాల్లో చెప్పండి. ‘చెరోకీల గురించి అన్నీ’ అని రాసిన ఉత్తరానికి జవాబు ఆలస్యంగా వస్తుంది, వచ్చినా పనికిరాదు.