ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్‌తో నాలుగేళ్లు: పొట్టుతో పాటు గింజా పోతుంది, జాగ్రత్త

బెంగళూరు మారతహళ్లిలో మాది చిన్న డిజిటల్ ఫోరెన్సిక్స్ ల్యాబ్. ఉద్యోగం మానేసినవాళ్లు కంపెనీ డేటా పట్టుకుపోయారా లేదా చూడటమే మా పనిలో సగం. ఒక ల్యాప్‌టాప్ ఇమేజ్ (డిస్కుకు తీసిన పూర్తి నకలు) తెరిస్తే లక్షల ఫైళ్లు. విండోస్‌వీ, ఆఫీస్‌వీ, బ్రౌజర్‌వీ చెరిగేయగా మిగిలేదే మాకు కావలసింది. ఆ చెరగడానికి వాడే చేట ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్ (నేషనల్ సాఫ్ట్‌వేర్ రిఫరెన్స్ లైబ్రరీ), అంటే తెలిసిన సాఫ్ట్‌వేర్ ఫైళ్ల జాబితా.

అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ సాఫ్ట్‌వేర్లు సేకరించి, ఒక్కో ఫైలుకు హ్యాష్ (ఫైల్లోని డేటా నుంచి వచ్చే వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కగట్టి, ఆ జాబితాను మూడు నెలలకోసారి ఉచితంగా విడుదల చేస్తుంది. ఫైలు పేరు మార్చినా హ్యాష్ మారదు. లోపల ఒక్క బైటు మారితే మాత్రం మొత్తం మారిపోతుంది. అందుకే ఎవరైనా సిస్టమ్ ఫైలును కెలికితే అది జాబితాతో కలవక మన కళ్ల ముందే మిగిలిపోతుంది. నాకు బాగా నచ్చింది ఇదే.

గొడవంతా ‘తెలిసిన ఫైలు’ అన్న మాటతోనే. తెలిసినదంటే మంచిదని కాదు. ఈ జాబితాలో స్టెగనోగ్రఫీ టూల్స్ (ఒక ఫైల్లో ఇంకోటి దాచేవి), హ్యాకింగ్ స్క్రిప్టుల హ్యాష్‌లూ ఉన్నాయి. నిస్ట్ ఆ సంగతి దాచలేదు, మేమే చదవలేదు. ఒక కేసులో మా అనంతపురం కుర్రాడు ఆటాప్సీ అనే ఫోరెన్సిక్స్ సాఫ్ట్‌వేర్‌లో తెలిసిన ఫైళ్లన్నీ దాచేసి, “దీంట్లో ఏం లేదన్నా” అన్నాడు. నేనూ సరేనన్నాను. రిపోర్టు రాసేముందు ఎందుకో దాచినవి తెరిస్తే, ఫొటోల్లో ఫైళ్లు దాచిపెట్టే టూల్ ఒకటి డౌన్‌లోడ్స్‌లో నిక్షేపంగా కూర్చుని ఉంది! అప్పట్నుంచి డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్ మాత్రం వడపోత లేకుండానే చూస్తున్నాం.

ఇక్కడి చిన్న కంపెనీలు రాసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు నాకు ఈ జాబితాతో దాదాపు ఎప్పుడూ కలవలేదు. వాటిని ఖాళీ మెషిన్‌లో ఇన్‌స్టాల్ చేసి, హ్యాష్‌లు తీసి సొంత జాబితా కట్టుకున్నాం.

ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్ జాబితాకు పాత టెక్స్ట్ ఫైళ్లు పోయి ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వచ్చినప్పుడు మా స్క్రిప్టులన్నీ మూలపడ్డాయి. అప్పుడు తిట్టుకున్నాను కానీ, దాంతోపాటే షా-256 అనే మరింత గట్టి రకం హ్యాష్ కూడా దొరికింది. పాత రకమైన షా-1 హ్యాష్ ఒకటే వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను 2017లోనే చేసి చూపించారు మరి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్ మినిమల్ సెట్ (చిన్న జాబితా) దించుకోండి. పూర్తి సెట్ జిప్ విప్పితే నా ల్యాప్‌టాప్ డిస్క్ సగంలోనే నిండిపోయింది.