బారసాలకు కానుక: పాత చీరల బొంతా, ఊలు స్వెటరా?

బారసాలకు చేత్తో చేసిన కానుక ఇవ్వాలనుకుంటే నాకు ముందుగా తోచేవి పాత నూలు చీరల బొంత, ఊలుతో అల్లిన స్వెటర్. నా మొగ్గు బొంతవైపే.

బొంతకు అరిగి మెత్తబడిన చీర కావాలి. కొత్త గుడ్డకు ఆ మృదుత్వం రాదు. సుమారు 5.5 మీటర్ల చీరను మీటరు ముక్కలుగా కత్తిరిస్తే ఐదు పొరలు వస్తాయి. వాటిని ఒకదానిపై ఒకటి పరిచి, పెద్ద కుట్లతో టాకాలు వేసి, మధ్యనుంచి అంచులవైపు కుట్టుకుంటూ వెళ్లాలి. అంచులనుంచి మొదలుపెడితే మధ్యలో గుడ్డ ముడతలుగా పోగవుతుంది. సాదా కుట్టు వస్తే చాలు. చాలా ఇళ్లలో బారసాల 21వ రోజున చేస్తారు కాబట్టి, బిడ్డ పుట్టిన కబురు విన్నాక మొదలుపెట్టినా పూర్తవుతుంది. నూలు తడిని పీల్చుకుంటుంది, రోజూ ఉతికినా ఎండలో తొందరగా ఆరుతుంది. అన్నిటినీ మించి, అమ్మమ్మ చీర, నాయనమ్మ చీర ఒకే బొంతలో కలిపితే రెండు ఇళ్లూ ఆ బిడ్డను ఒడిలోకి తీసుకున్నట్టే. జరీ అంచులు మాత్రం కత్తిరించేయండి, లేత చర్మానికి గీసుకుంటాయి.

స్వెటర్ చూడముచ్చటగా ఉంటుంది, కానీ అల్లిక నేర్చిన చేతులు కావాలి. పసిబిడ్డకు కొన్ని నెలల్లోనే బిగుతైపోతుంది. విజయవాడ వేసవిలో పుట్టిన బిడ్డకైతే నేరుగా పెట్టెలోకే. అరకు, ఆదిలాబాద్ చలిలోనో, చలిదేశంలోనో ఉన్నవారికి మాత్రం అదే సరైనది. చలికాలానికి బిడ్డ వయసెంతో లెక్కవేసి, ఆ కొలతకే అల్లండి. వేళ్లు చిక్కుకునే జాలీ అల్లిక వద్దు. గుండీలు గట్టిగా లాగి చూడండి. ఊడితే నోట్లోకే వెళ్తాయి.