ఏ16 కార్డు మీద 64 మందా, 32 మందా?

వర్చువల్ డెస్క్‌టాప్‌ల (సర్వర్‌లో నడుస్తూ యూజర్ తెర మీద కనిపించే కంప్యూటర్ల) కోసమే 2021లో ఎన్విడియా తెచ్చిన గ్రాఫిక్స్ కార్డు ఏ16. బయటికి ఒకటే కార్డు, లోపల మాత్రం నాలుగు జీపీయూలు (గ్రాఫిక్స్ చిప్పులు), ఒక్కోదానికి 16 జీబీ జీడీడీఆర్6 మెమరీ. ఒక్కో యూజర్‌కు ఆ మెమరీలో 1 జీబీ వాటా ఇచ్చే 1బీ ప్రొఫైల్‌తో 64 మందికి సరిపోతుందని కంపెనీ చెప్పే లెక్క అబద్ధం కాదు. కానీ ఆ అంకెను పట్టుకుని సర్వర్ కొంటే మానిటర్ల దగ్గరా, ర్యామ్ దగ్గరా దెబ్బ తింటారు. రోజువారీ ఆఫీసు పనికి దీన్ని 2 జీబీ ఇచ్చే 2బీ ప్రొఫైల్‌తో 32 మంది కార్డుగా లెక్కేసుకోవాలి. అలా లెక్కేసుకుని తీసుకుంటే ఇది చాలా మంచి కార్డు.

మానిటర్ల సంగతి చూడండి. ఒక యూజర్ తెరలన్నీ కలిపి 1బీ ప్రొఫైల్ హద్దు 1,63,84,000 పిక్సెళ్లు. 2560×1600 తెరలు నాలుగు కలిపితే సరిగ్గా అంతే అవుతుంది. 4కే తెర ఒక్కటి 82,94,400. రెండు కలిస్తే 1,65,88,800. అంటే 2,04,800 పిక్సెళ్లు ఎక్కువై రెండో 4కే తెర రాదు. యూజర్ కేబుల్ మారుస్తాడు, డాక్ మారుస్తాడు, డెస్క్‌టాప్‌కు కనెక్టయ్యే క్లయింట్ యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాడు. తప్పు ప్రొఫైల్‌ది.

హద్దు దాటకపోయినా 1 జీబీ ఇరుకే. విండోస్ డెస్క్‌టాప్, బ్రౌజర్ ట్యాబులు, వీడియో కాల్, తెరను హెచ్.264లోకి మార్చి పంపే ఎన్‌కోడర్, అన్నీ ఆ ఫ్రేమ్ బఫర్‌నే (జీపీయూ మెమరీనే) వాడుకుంటాయి. జీపీయూ కోర్లను వీఎంలు (వర్చువల్ మెషీన్లు, అంటే ఒక్కో యూజర్ డెస్క్‌టాప్) వంతులవారీగా పంచుకుంటాయి కానీ ఫ్రేమ్ బఫర్ అలా కాదు. ఎవరి వాటా వాళ్లకు ముందే కోసి ఇచ్చేస్తారు. పక్క వీఎం ఖాళీగా ఉన్నా దాని వాటా అప్పుగా దొరకదు. అందుకే ముందుగా కొద్దిమందితో చేసే పైలట్‌లో, పని రద్దీగా ఉన్న వేళ, వీఎం లోపల ఎన్విడియా-ఎస్ఎంఐ (nvidia-smi, జీపీయూ వాడకం చూపే కమాండ్) నడిపి చూడండి. మెమరీ వాడకం 1024 ఎంబీకి దగ్గరగా వచ్చి అక్కడే నిలిచిపోతుంటే 2బీ తప్పదు.

ఎక్కువ మంది లెక్క తప్పేది మాత్రం ర్యామ్‌లో. వీఎంలను నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ వీస్ఫియర్‌లో, వీజీపీయూ (జీపీయూలో ఒక ప్రొఫైల్ వాటా) తగిలించిన వీఎంకు ర్యామ్ మొత్తం రిజర్వ్ చేయాలి, లేకపోతే ఆన్ కాదు. వీఎంలు వాడని ర్యామ్‌ను వెనక్కి తీసుకునే బెలూనింగ్ మీద ఆధారపడి, ఉన్నదాని కన్నా ఎక్కువ ర్యామ్ పంచే (ఓవర్‌కమిట్) అలవాటు ఇక్కడ పనికిరాదు. ఒక హోస్ట్‌లో (వీఎంలు నడిచే సర్వర్‌లో) రెండు ఏ16లు, 2బీ ప్రొఫైల్, 64 వీఎంలు, ఒక్కోదానికి 8 జీబీ అనుకుందాం. అక్కడికే 512 జీబీ. హోస్ట్‌లో ఉన్నదీ 512 అయితే చివరి వీఎంలు లేవవు, ఎందుకంటే వీఎంలను నడిపే హైపర్‌వైజర్ వాటా, ఒక్కో వీఎం ఓవర్‌హెడ్ కూడా అందులోంచే పోవాలి. రెండు ప్రాసెసర్లకూ 8 చొప్పున మెమరీ ఛానెళ్లుంటే 16 డిమ్ములూ (ర్యామ్ స్టిక్కులు) 64 జీబీవి వేసి 1024 జీబీకి వెళ్లడం మేలు. మధ్యలో ఆగాలని కొన్ని ఛానెళ్లకే అదనపు డిమ్ములు వేస్తే బ్యాలెన్స్ పోయి మెమరీ వేగం పడిపోతుంది. ఫెయిలోవర్‌నూ మరవకండి: నాలుగు హోస్టుల్లో ఒకటి పడిపోతే మిగతా మూడూ మోయాలంటే ఒక్కోదాంట్లో 48 మందినే నింపాలి.

నాలుగు జీపీయూలుండటం వల్ల అసలు లాభం కలిపి వాడుకోవడంలో ఉంది. మూడింటిలో 2బీ చొప్పున 24 మందిని, నాలుగోదాంట్లో 4 జీబీ ఇచ్చే 4క్యూ చొప్పున నలుగురు డిజైనర్లను పెట్టవచ్చు. ఇక్కడొక చిక్కుంది. డిఫాల్ట్‌గా ఒక జీపీయూ మీద ఒకే సైజు ప్రొఫైళ్లు నడుస్తాయి. వీస్ఫియర్‌లోని హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐ డిఫాల్ట్ పాలసీ ఏమో వీఎంలను అన్ని జీపీయూల మీదికీ పరుస్తుంది. పొద్దున్నే నాలుగు 2బీ వీఎంలు లేస్తే నాలుగు జీపీయూలూ 2బీకి కట్టుబడిపోతాయి. ఆ తర్వాత 4క్యూ వీఎం ఆన్ చేస్తే గ్రాఫిక్స్ వనరులు చాలవనే ఎర్రర్ వస్తుంది. చూస్తే కార్డు సగానికి పైగా ఖాళీ! హోస్ట్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో షేర్డ్ డైరెక్ట్ (Shared Direct) పెట్టి, ఒక జీపీయూ నిండాకే ఇంకోదానికి వెళ్లే పాలసీ ఎంచుకుని, హోస్ట్‌ను రీబూట్ చేయండి. 4క్యూ వీఎంలను ముందు ఆన్ చేయండి.

భారీ 3డీ పనికి ఇది సరైన కార్డు కాదు. ఒక జీపీయూలో ఉన్నవి 1280 సీయూడీఏ (CUDA) కోర్లే, ఒక వీజీపీయూ ఆ జీపీయూను దాటి పోలేదు. అలాంటి వాళ్లకు 48 జీబీ ఒకే జీపీయూకి ఉన్న ఏ40 చూడాలి.

కార్డుకు సొంత ఫ్యాన్ లేదు, 250 వాట్లు లాగుతుంది, రెండు స్లాట్ల మందం. సర్వర్ జీపీయూ కిట్‌తో వచ్చే ఫ్యాన్లు తప్పనిసరి. పవర్ కనెక్టర్ 8 పిన్నుల సీపీయూ రకం, గేమింగ్ కార్డుల కేబుల్ కాదు. బయోస్‌లో ఎస్ఆర్-ఐఓవీ (ఒక కార్డును చాలా వీఎంలకు పంచే సౌకర్యం) ఆన్ చేయండి.

వీజీపీయూ సాఫ్ట్‌వేర్ లైసెన్సు విడిగా కొనాలి. అది అందకపోయినా వీఎం బూటయ్యాక మొదటి 20 నిమిషాలు అంతా బాగానే నడుస్తుంది. తర్వాత సెకనుకు 15 ఫ్రేములకు, 24 గంటలు దాటితే 3 ఫ్రేములకు పడిపోతుంది. కాబట్టి పది నిమిషాలు చూసి సంతకం పెట్టకండి, ప్రతి టెస్టూ అరగంట దాటాలి.