పాత టీపీ-లింక్ 841ఎన్ మేడ మీద యాక్సెస్ పాయింట్‌గా: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

ఫైబర్ కనెక్షన్ తీసుకోగానే కంపెనీవాళ్లు తమ డబ్బా (రూటర్) బిగించి వెళ్తారు, అప్పటిదాకా పనిచేసిన రూటర్ అటకెక్కుతుంది. అలా అటకెక్కినవాటిలో టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఆర్841ఎన్ బాగా కనిపించే మోడల్. తెల్ల డబ్బా, ఊడదీయడానికి వీల్లేని రెండు యాంటెనాలు, వెనక ఇంటర్నెట్ కేబుల్‌కు నీలం రంగు వ్యాన్ పోర్టు ఒకటి, ఇంట్లోని పరికరాలకు పసుపు రంగు ల్యాన్ పోర్టులు నాలుగు. కింద హాల్లో ఉన్న ఫైబర్ డబ్బా నుంచి కేబుల్ లాగి, దీన్ని మేడ మీద యాక్సెస్ పాయింట్‌గా (కేబుల్‌లో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే డబ్బాగా) పెట్టి చాలా ఏళ్లుగా వాడుతున్నాను. కేబుల్ లాగే వీలున్న ఇంట్లో ఇది ఇప్పటికీ పనికొస్తుంది. కేబుల్ లేకుండా, కింది వైఫైనే అందుకుని మళ్లీ పంచే రిపీటర్‌గా పెడదామనుకుంటే మాత్రం వద్దనే చెబుతాను.

రిపీటర్ వద్దనడానికి కారణం ఉంది. ఇందులో ఉన్నది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో ఒక్కటే. కింది నుంచి వచ్చింది వినాలన్నా, ఫోన్‌కు తిరిగి పంపాలన్నా అదే రేడియో, అదే చానెల్. అక్కడికక్కడే వేగం సగమవుతుంది. పైగా రిపీటర్‌ను మనం పెట్టేది సిగ్నల్ అప్పటికే నీరసించిన చోట కాబట్టి, ఆ సగం కూడా అందదు. పాత వెర్షన్లలో ఈ పని డబ్ల్యూడీఎస్ అనే సెట్టింగ్‌తో చేయాలి. రెండు డబ్బాలు వేర్వేరు కంపెనీలవైతే అది కలుస్తుందన్న భరోసా లేదు, ఇవాళ కలిసినా రీస్టార్ట్ అయ్యాక కలవకపోవచ్చు.

వేగం గురించి ఆశలు పెంచుకోవద్దు. అట్టపెట్టె మీద 300 ఎంబీపీఎస్ అని ఉన్నా, పోర్టులు 100వే. కేబుల్ మీద నికరంగా వచ్చేది 94 దాకా. వైఫైలో చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెడితే లింకు 144 చూపిస్తుంది, చేతికి అందేది గదిలోనే కూర్చుంటే 60 నుంచి 80. వెడల్పు 40 పెడితే 300 చూపిస్తుంది కానీ అపార్ట్‌మెంట్లలో అది ఉత్తుత్తి అంకె. 2.4 బ్యాండులో ఒకదాని మీద ఒకటి పడని చానెళ్లు 1, 6, 11 మాత్రమే, వాటిలోనే చుట్టుపక్కల ఫ్లాట్లన్నీ ఉంటాయి. 20కే కట్టేయడం మేలు. పిల్లల ఆన్‌లైన్ క్లాసు, వీడియో కాల్, ఒక టీవీలో 4కే సినిమా, వీటన్నింటికీ ఈ వేగం చాలు. 300 ఎంబీపీఎస్ ప్లాను డబ్బులు కడుతూ మేడ మీద కూడా అంతా రావాలంటే ఇది కాదు, గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులున్న ఆర్చర్ సీ6 లాంటిది కావాలి. పద్ధతి మాత్రం దానికీ ఇదే.

అసలు పని కేబుల్ దగ్గరే ఉంది. క్యాట్5ఈ రకం కేబుల్ సరిపోతుంది, కొత్తగా కొంటుంటే క్యాట్6 తీసుకోండి. 305 మీటర్ల పెట్టెలోంచి షాపువాళ్లు మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. అడగాల్సింది ఒక్కటే: లోపల పూర్తి రాగేనా, లేక రాగి పూత పూసిన అల్యూమినియమా? తీగ కొసను చాకుతో గీకితే తెల్లగా మెరిసిందంటే అల్యూమినియమే. అది వంపుల దగ్గర విరుగుతుంది, కనెక్టర్‌లో పట్టు వదులవుతుంది. మేడ మీదికి బయటి గోడ వెంబడి తీస్తే నల్ల తొడుగున్న అవుట్‌డోర్ కేబులే వాడాలి. మామూలు బూడిద రంగు తొడుగు మన ఎండలకు పెళుసెక్కి పగులుతుంది. కిటికీ దగ్గర లోపలికి తెచ్చేముందు కేబుల్‌ను కాస్త కిందికి జారవిడిచి పైకి తిప్పితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి, లేకపోతే తీగ పట్టుకుని నేరుగా స్విచ్‌బోర్డు పక్కకే వస్తాయి. కరెంటు తీగలున్న పైపులోనే దీన్నీ దూర్చడానికి ఎలక్ట్రీషియన్ మొగ్గుచూపుతాడు. ఒప్పుకోవద్దు, 230 వోల్టుల తీగతో కలిపి లాగడం ప్రమాదం.

క్రింపింగ్‌లో (కేబుల్ కొసకు కనెక్టర్ బిగించడంలో) రెండు కొసలకూ ఒకే వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. 841ఎన్‌కు 1, 2, 3, 6 తీగలు కలిస్తే చాలు, అందుకే తక్కిన నాలుగింటిలో ఏది తెగినా ఇప్పుడు తెలియదు. రేపు గిగాబిట్ రూటర్ పెట్టి, అది 100 దగ్గరే ఆగిపోతే ముందుగా చూడాల్సింది ఈ కొసల్నే.

సెట్టింగులు ఒక క్రమంలో చేయాలి. కొత్త వెర్షన్లలో ఆపరేషన్ మోడ్ కింద యాక్సెస్ పాయింట్ అనే ఎంపిక ఉంటుంది, దాన్ని నొక్కితే సగం పని అదే చేసుకుంటుంది. పాత వెర్షన్లలో చేత్తో చేయాలి. ముందుగా రీసెట్ చేసి, లాప్‌టాప్‌ను కేబుల్‌తో పసుపు పోర్టుకు కలిపి, బ్రౌజర్‌లో దీని సెట్టింగుల పేజీలోకి వెళ్లండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ కింది డబ్బాలో ఉన్నవే పెట్టండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2, ఎన్‌క్రిప్షన్ ఏఈఎస్. ఎన్‌క్రిప్షన్‌ను పాత పద్ధతైన టీకేఐపీ మీద వదిలేస్తే వేగం 54 దాటదు, ఎంత వెతికినా కారణం దొరకదు. తర్వాత ల్యాన్ అడ్రస్: కింది డబ్బా 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2, జియో ఫైబర్ అయితే 192.168.29.2. ఆ అంకె కింది డబ్బా పంచే పరిధిలో పడకూడదు కాబట్టి, అక్కడ డీహెచ్‌సీపీని (ఫోన్లకు, లాప్‌టాప్‌లకు అడ్రసులు పంచే ఏర్పాటును) చివరి అంకె 10 నుంచి మొదలయ్యేలా మార్చండి. రీస్టార్ట్ అయ్యాక కొత్త అడ్రస్‌తో లోపలికి వెళ్లి, చివరగా ఇందులో డీహెచ్‌సీపీ ఆపేయండి. అప్పుడు కింది నుంచి వచ్చిన కేబుల్‌ను పసుపు పోర్టులో పెట్టండి. ఈ పద్ధతిలో నీలం పోర్టు ఖాళీగానే ఉండాలి.

నీలం పోర్టులో పెట్టినా నెట్ వస్తుంది, తిరకాసు అక్కడే. ఇంట్లో రెండు వేరు నెట్‌వర్కులు తయారవుతాయి. మేడ మీది ఫోన్‌కు కింది టీవీ కనిపించదు, ప్రింటర్ దొరకదు, వీడియో టీవీకి పంపబోతే పరికరమే లేదంటుంది.

డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే వచ్చే తంటా ఇంకా చికాకైనది, ఎందుకంటే అది అందరికీ ఒకేసారి రాదు. ఫోన్ అడ్రస్ అడిగినప్పుడు రెండు డబ్బాల్లో ఏది ముందు పలికితే దాని మాటే చెల్లుతుంది. 841ఎన్ ముందు పలికితే గేట్‌వేగా (ఇంటర్నెట్‌కు దారిగా) తన పేరే చెప్పుకుంటుంది, దాని వెనక ఇంటర్నెట్ ఉండదు. ఇంట్లో ఒకరికి నెట్ వస్తుంది, పక్కనున్నవారికి ‘కనెక్టెడ్, నో ఇంటర్నెట్’ అని పడుతుంది. ఫోన్‌లో వైఫై వివరాలు తెరిచి గేట్‌వే చూడండి, చివరి అంకె 2 అని ఉంటే దొంగ దొరికినట్టే. అంతా సరిగా చేసిన ఇంట్లోనూ ఇది హఠాత్తుగా రావచ్చు: చాలా వెర్షన్లలో డబ్ల్యూపీఎస్‌కూ (పాస్‌వర్డ్ కొట్టకుండా వైఫైకి కలిపే సదుపాయం) రీసెట్‌కూ వెనక ఉన్న బటన్ ఒక్కటే. దుమ్ము దులిపేటప్పుడో, పిల్లల చేతికి దొరికినప్పుడో కొన్ని సెకన్లు నొక్కుకుపోతే ఫ్యాక్టరీ సెట్టింగులు వచ్చి, 192.168.0.1 అడ్రసుతో డీహెచ్‌సీపీ మళ్లీ మొదలవుతుంది. గోడకు కాస్త ఎత్తున బిగించండి.

పెట్టే చోటు మెట్ల పైభాగం అయితే మంచిది. ఇటుక గోడను 2.4 సిగ్నల్ బాగానే దాటుతుంది. ఇనుప చువ్వలున్న స్లాబు, బీరువా, అద్దం దాన్ని మింగేస్తాయి. కింద చానెల్ 1 పెడితే పైన 6 లేదా 11 పెట్టండి, కింది డబ్బా చానెల్‌ను ‘ఆటో’ సెట్టింగ్‌లో వదలొద్దు.

ఒకే పేరు పెట్టినంత మాత్రాన ఫోన్ తనంతట తానే మంచి సిగ్నల్‌కు మారదు. మారాలా వద్దా అన్నది ఫోన్ ఇష్టం. ఐఫోన్ అయితే సిగ్నల్ మైనస్ 70 డీబీఎంకు (సిగ్నల్ బలం కొలత) పడిపోయేదాకా వేరేదాన్ని వెతకదు. మెట్లెక్కి పైకి వచ్చినా కింది సిగ్నల్‌నే రెండు గీతలతో పట్టుకుని వేలాడుతుంటే, కింది డబ్బాలో 2.4 ట్రాన్స్‌మిట్ పవర్ ఒక మెట్టు తగ్గించండి. పైది పెంచడం కన్నా కిందిది తగ్గించడమే పనిచేస్తుంది. అయినా మారే క్షణంలో వాట్సాప్ కాల్ తడబడుతుంది, ఈ డబ్బాతో అంతకన్నా నున్నగా రాదు. ఆ తడబాటు భరించలేనివారు మెష్ (ఒకే నెట్‌వర్క్‌గా కలిసి పనిచేసే డబ్బాల సెట్టు) కొనుక్కోవడమే దారి.

ఇక భద్రత. ఈ మోడల్ పాత వెర్షన్లకు అప్‌డేట్లు రావు. 8, 10 వెర్షన్లలోని సీవీఈ-2023-33538 అనే నంబరున్న భద్రతా లోపాన్ని దాడుల్లో వాడుతున్నారని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్ఏ 2025 జూన్‌లో తన జాబితాలో చేర్చింది. యాక్సెస్ పాయింట్‌గా ఇది కింది రూటర్ వెనక ఉంటుంది కాబట్టి బయటివారికి నేరుగా చిక్కదు. ఇంట్లో నెట్‌వర్క్‌లోకి వచ్చిన ఎవరికైనా చిక్కుతుంది. అందుకే డబ్ల్యూపీఎస్ ఆపేయాలి, అడ్మిన్ పేజీ పాస్‌వర్డ్ గట్టిది పెట్టాలి. పీజీ హాస్టల్, దుకాణం, ఆఫీసుల్లో ఈ డబ్బా పెట్టడం నాకు సమ్మతం కాదు.

డబ్బా కన్నా ముందు అడాప్టర్ పోతుంది. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, నలుగురు ఒకేసారి వాడగానే రీస్టార్ట్ అవుతుంది. కొత్తది కొనేటప్పుడు డబ్బా అడుగున రాసిన వోల్టులు అచ్చంగా అవే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు. దీనికి సాధారణంగా 9 వోల్టులు, 0.6 ఆంపియర్. పిన్ను పట్టింది కదా అని ఫైబర్ డబ్బా 12 వోల్టుల అడాప్టర్ గుచ్చకండి. కరెంటు పోయినప్పుడు కింది డబ్బా ఒక్కటే మినీ యూపీఎస్ మీద ఉంటే మేడ మీద వైఫై పోతుంది, కాబట్టి దీనికీ 9 వోల్టుల అవుట్‌పుట్ ఉన్న మినీ యూపీఎస్ ఒకటి పెట్టుకోవాలి.