క్యోటో ఇంటి వంట తరగతి: మన ఎండు నెత్తళ్ళతో మళ్ళీ వండుకోగలమా?

జపాన్‌లో పర్యాటకుల కోసం పెట్టే వంట తరగతుల్లో సుషీ, రామెన్, గ్యోజా ముందు వరసలో కనిపిస్తాయి. అక్కడి ఇళ్ళలో రోజూ పొయ్యెక్కేవి వేరు: అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) చారు, ఒక ఉడికించిన దుంపకూర, ఒక ఆకుకూర, ఒక చేప. ఒక చారూ మూడు వంటకాలుగా ఉండే ఈ ‘ఇచిజూ సన్‌సాయ్’ భోజనం 2013లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కిన ‘వషోకు’కు పునాది. క్యోటోలో ఒక ఇంటావిడ తన వంటింట్లోనే, ఒక్కసారికి నలుగురికి మించకుండా, ఈ భోజనం మొత్తం నేర్పే మూడు గంటల తరగతి గురించి ఈ సమీక్ష. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వెళ్ళేవాళ్ళకు పనికొచ్చేలా ఒకే ఒక్క ప్రశ్నతో దీన్ని తూచాం: తిరిగొచ్చాక మన గ్యాస్ పొయ్యి మీద, మన సంత సరుకుతో ఆ రుచి వస్తుందా?

వస్తుంది. కాకపోతే బుక్ చేసేటప్పుడే ‘నిబోషి దాషి’ కూడా చూపించమని అడగాలి. దాషి అంటే చారుకూ కూరలకూ ఆధారంగా కాచే రసం. అడక్కపోతే కత్సుఓబుషి దాషి ఒక్కటే చూపిస్తారు. కత్సుఓబుషి అంటే ట్యూనా జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, రాయిలా ఎండబెట్టి పలచగా చెక్కిన రేకులు. మన ఊళ్ళలో ఏ కొట్లోనూ అడిగి తెచ్చుకునే సరుకు కాదది. నిబోషి మాత్రం చిన్న నెత్తళ్ళ వంటి చేపల్ని ఉప్పునీటిలో ఉడికించి ఎండబెట్టినవి. భావనపాడు, కళింగపట్నం వైపు నుంచి ఎండు చేపలు వచ్చే జిల్లాలో ఉన్నవాళ్ళకు ఈ ఒక్క పాఠం కోసమైనా రుసుము ఇవ్వొచ్చు. ఇలాంటి తరగతులకు మనిషికి సుమారు 7,000 నుంచి 12,000 యెన్ల దాకా తీసుకుంటారు. భోజనం అందులోనే కలిసి ఉంటుంది.

ముందు అందరికీ చూపించే దాషి సంగతి. లీటరు నీటికి 10 గ్రాముల కొంబు, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు. దాని మీద తెల్లటి పొడిలా కనిపించేది దుమ్ము కాదు, అదీ రుచిలో భాగమే కాబట్టి కడగకూడదు, తడి గుడ్డతో పైపైన తుడిస్తే చాలు. చల్లటి నీటిలో అరగంట నానబెట్టి, సన్నని సెగ మీద పది నిమిషాల పాటు నెమ్మదిగా వేడెక్కించాలి. గిన్నె అడుగున చిన్న బుడగలు పుట్టగానే కొంబు తీసేయాలి. నీళ్ళు తెర్లేదాకా వదిలేస్తే జిగురు, చేదు దిగుతాయి. తర్వాత నీటిని మరగనిచ్చి, పొయ్యి ఆపి, 25 గ్రాముల కత్సుఓబుషి వేసి, ఒకటి రెండు నిమిషాల్లో రేకులు అడుక్కి దిగాక గుడ్డలో వడకట్టాలి. గుడ్డను పిండకూడదు. పిండితే దాషి మబ్బుగా మారుతుంది, వగరు తగులుతుంది.

ఈ రెండూ ఎందుకు కలపాలో ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేశారు. ఇంకాస్త చెప్పాల్సిన విషయమిది. కొంబులోని గ్లుటమేట్‌ను రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెదా 1908లో వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరుపెట్టారు. కత్సుఓబుషిలో ఉండేది ఇనోసినేట్ అనే మరో రుచి పదార్థం. రెండూ కలిస్తే రుచి రెట్టింపుతో ఆగదు, దాన్ని దాటిపోతుంది. నిబోషిలోనూ ఇనోసినేట్ ఉంది. మన నెత్తళ్ళను నమ్ముకోవడానికి ఆధారం ఇదే.

అయితే నిబోషీ మన ఎండు నెత్తళ్ళూ అచ్చంగా ఒకటి కావు. వాళ్ళు ముందు ఉడికించి ఆ తర్వాత ఎండబెడతారు కాబట్టి చేప లోపల కుళ్ళు మొదలవకుండా ఆగిపోతుంది, కొంత కొవ్వూ కారిపోతుంది. మనవి పచ్చివే ఎండకు పడతాయి. అందుకే మన సరుకులో నీచు వాసన ఎక్కువ, ఇసుకా ఉంటుంది. సంతలో ఏరేటప్పుడు ఉప్పు పట్టించనివే అడగండి. ఒంటి మీద వెండి మెరుపు ఉండాలి, పొట్ట పగలకూడదు. పొట్ట దగ్గర పసుపు, తుప్పు రంగు కనిపిస్తే కొవ్వు కనరెక్కిందని గుర్తు. ఆ చేప ఎంత చవకైనా దాషికి పనికిరాదు.

ఇంటికి తెచ్చాక ఒక్కో చేపకూ తల తుంచి, పొట్ట గోటితో చీల్చి, నల్లటి పేగు తీసేయాలి. చేదంతా అందులోనే ఉంటుంది. ఇసుక పోయేలా గబగబా ఒక్కసారి కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, పెనం మీద నూనె లేకుండా సన్నని సెగ మీద రెండు మూడు నిమిషాలు వేయించాలి. నీచు తగ్గడానికి నిబోషిని ఇలా వేయించడం జపాన్ ఇళ్ళలోనూ ఉన్న పద్ధతే. శుభ్రం చేశాక 20 గ్రాములు తూచి, 5 గ్రాముల కొంబు ముక్కతో కలిపి లీటరు నీటిలో అరగంట నానబెట్టండి. తర్వాత మధ్యస్థపు సెగ మీద పెట్టి, మరిగే లోపు కొంబు తీసేసి, పైకి తేలే నురుగును గరిటెతో తీస్తూ ఐదారు నిమిషాలు ఉడికించి వడకట్టాలి. మూత పెట్టకండి, వాసన లోపలే ఉండిపోతుంది. పులుసు అలవాటుతో పావుగంట మరిగిస్తే చేప వాసన తప్ప ఏమీ మిగలదు. ఈ దాషి కత్సుఓబుషి దాషి అంత సున్నితంగా ఉండదు. మిసో చారుకు మాత్రం ఇదే బాగుంటుంది, ఘాటైన మిసోకు ఎదురునిలుస్తుంది.

నీళ్ళ మాట కూడా ఉంది. జపాన్ కుళాయి నీళ్ళు చాలావరకు మెత్తనివి. కాల్షియం ఎక్కువున్న నీటిలో కొంబు రుచి సరిగా దిగదు. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో దాషికి ఆర్‌వో నీళ్ళు వాడటం మేలు.

చారుకు నలుగురికి 700 మి.లీ. దాషి, 50–60 గ్రాముల మామూలు మిసో. ముందు ముక్కలు ఉడికించి, పొయ్యి ఆపాక గరిటెలో కొంచెం దాషి తీసుకుని మిసోను అందులో కరిగించి కలపాలి. మళ్ళీ మరగనిస్తే మిసో సువాసన ఎగిరిపోతుంది. క్యోటో తెల్ల మిసో తియ్యగా ఉంటుంది, ఉప్పూ తక్కువ, కాబట్టి ఈ కొలత దానికి సరిపోదు, ఎక్కువ పడుతుంది.

అన్నం విషయంలో తరగతి నిరాశపరిచింది. వెళ్ళేసరికే బియ్యం కడిగి నానబెట్టి ఉంచేశారు. సమయం కలిసొస్తుందని అలా చేస్తారు కానీ, నేర్చుకోవాల్సింది అక్కడే. 180 మి.లీ. కొలతను ‘గో’ అంటారు, సుమారు 150 గ్రాముల బియ్యం. మొదటి నీళ్ళు పోసి రెండు తిప్పులు తిప్పి వెంటనే పారబోయాలి, పొడి బియ్యం ఆ తవుడు నీటినే ముందు పీల్చుకుంటుంది మరి. తర్వాత మూడు నాలుగు సార్లు కడిగి, వేసవిలో అరగంట, చలికాలంలో గంట నానబెట్టాలి. ఒక గోకు 200 మి.లీ. నీళ్ళు. మందపాటి గిన్నెలో మూత బిగించి, పెద్ద సెగ మీద పొంగు వచ్చాక సన్నగా చేసి పది నిమిషాలు, పొయ్యి ఆపి మరో పావుగంట. ఆ పావుగంటలో మూత తీశారంటే పై అన్నం గట్టిగా ఉండిపోతుంది.

మన సాంబమసూరి, శ్రీకాకుళం సన్నాలతో ఈ అన్నం రాదు. మన బియ్యం పొడిపొడిగా రావడానికి కారణమైన అమైలోజ్ అనే పిండిపదార్థం జపాన్ బియ్యంలో తక్కువ. నీళ్ళు ఎక్కువ పోస్తే ముద్దవుతుంది తప్ప ఆ జిగి రాదు. దాని కోసం పాట్లు పడకండి, మన అన్నంతోనే ఈ కూరలు చక్కగా సరిపోతాయి.

దుంపకూర దగ్గర మాత్రం మనకు కలిసొస్తుంది. వాళ్ళ సతోయిమో మన చేమదుంపే. అర కిలో దుంపలు చెక్కు తీసి, ఉప్పుతో రుద్ది, మూడు నిమిషాలు ఉడికించి కడిగితే జిగురు పోతుంది. 300 మి.లీ. దాషి, ఒకటిన్నర పెద్ద చెంచాల పంచదార, ఒక చెంచా మిరిన్ (వంటకు వాడే తియ్యటి బియ్యపు మద్యం) వేసి పది నిమిషాలు ఉడికించాక రెండు చెంచాల సోయా సాస్ వేయాలి. పంచదార ముందు, సోయా తర్వాత. ఉప్పు ముందు పడితే దుంప బిగుసుకుపోయి తీపి లోపలికి దిగదని ఆ వంటింటి నియమం. దుంపల మీద నేరుగా ఆనేలా చిన్న మూత పెడతారు, ‘ఒతోషిబుతా’. తక్కువ రసమే పైదాకా చిమ్ముతూ అన్ని వైపులా పడుతుంది, దుంపలు కదిలి విరగవు. మనం బటర్ పేపర్‌ను గిన్నె కొలతకు గుండ్రంగా కత్తిరించి, నడుమ రంధ్రం చేసి వాడొచ్చు. పొయ్యి దించాక అరగంట చల్లారనివ్వండి, రుచి లోపలికి దిగేది అప్పుడే. గుమ్మడికాయతోనూ ఇదే కూర నేర్పుతారు. కానీ అక్కడి కబోచా పిండిగా ఉంటుంది. నీరు పట్టే మన కూరగుమ్మడి పది నిమిషాలకే విడిపోతుంది.

నువ్వులతో ఆకుకూర, గోమాఏ, చాలా తేలిక. 200 గ్రాముల పాలకూరకు రెండు పెద్ద చెంచాల వేయించిన నువ్వులు, సోయా, పంచదార రెండేసి చిన్న చెంచాలు. నువ్వులు సగం నలిగితే చాలు. మన పాలకూర పలచన, మరిగే నీటిలో అర నిమిషం మించకూడదు. చల్లటి నీటిలో వేసి పిండాక, ఒక చిన్న చెంచా సోయా చల్లి మరోసారి పిండండి. ఈ రెండో పిండుడు మానేస్తే కూర పళ్ళెంలో నీరు వదిలేస్తుంది. తరగతిలో ఇచ్చే కాగితం మీద ఈ మెట్టు లేదు, ఆవిడ చేత్తో చూపించినప్పుడే తెలుస్తుంది.

గుడ్డు చుట్ట, దషిమకి, అందరూ ఫొటోలు తీసుకునే వంటకం. మూడు గుడ్లకు 45 మి.లీ. దాషి. తరగతిలో పోసింది అంతకంటే ఎక్కువ. చేయి తిరిగినవాళ్ళకే అది చుట్టుకుంటుంది, కొత్తవాళ్ళకు చిరుగుతుంది. గుడ్డును నురుగొచ్చేలా గిలక్కొట్టకుండా తెల్లసొన తెగేలా మాత్రం కలపాలి. పెనం చాలినంత వేడెక్కకపోతే అంటుకుంటుంది: ఒక చుక్క వేస్తే చుయ్‌మనాలి.

చేపకు వాళ్ళు వాడిన సబాకు మన కానాగంతలు దగ్గరి చుట్టాలు. పరిమాణం చిన్నది, కాబట్టి మిసోలో ఉడికే సమయం సగానికి తగ్గించండి. ముందుగా చేప ముక్కల మీద వేడి నీళ్ళు పోసి, తోలు తెల్లబడగానే చన్నీటిలో ముంచి రక్తపు గడ్డలు కడిగేయడం మరవకండి. రసం మరుగుతుండగానే ముక్కలు వేయాలి. చల్లటి రసంలో వేస్తే నీచు రసమంతా పాకుతుంది. చేప కోయడం ఆవిడే చేశారు, నేర్చుకునేవాళ్ళ చేతికి కత్తి ఇవ్వలేదు. ఈ ధరకు ఇవ్వాల్సింది.

బుక్ చేసేటప్పుడు రాతపూర్వకంగా అడగాల్సినవి ఉన్నాయి. గొడ్డు మాంసం తినరంటే ముందే చెప్పండి. క్యోటో ఉన్న కన్సాయ్ ప్రాంతంలో బంగాళాదుంపల కూర నికుజగాలో వేసేది అదే. శాకాహారులు ‘చేప కూడా తినం’ అని విడిగా రాయాలి. మాంసం వద్దంటే దాషి సంగతి వాళ్ళకు తట్టదు. చేప లేని దాషికి లీటరు నీటిలో 10 గ్రాముల కొంబు, 15 గ్రాముల ఎండు షిటాకే పుట్టగొడుగులు రాత్రంతా ఫ్రిజ్‌లో నానితే సరి. కొట్లో కొనే మిసోలోనూ దాషి కలిపినవి ఉంటాయి. మద్యం ముట్టనివాళ్ళకు మరో మాట: అసలు మిరిన్‌లో ఆల్కహాల్ సుమారు 14 శాతం. మిరిన్ రుచితో చేసే సాస్‌లో ఒక శాతం లోపే.

ఇచ్చే వంటకాల కాగితంలో కప్పు అంటే 200 మి.లీ. మన దగ్గర అమ్మే కొలత కప్పులు 240, 250వి కాబట్టి అన్నీ మిల్లీలీటర్లలోకి అక్కడే రాసుకోండి. లేత రంగు సోయా, ఉసుకుచి, మామూలు దానికంటే ఉప్పన. రంగు చూసి రెండు చెంచాలు ఎక్కువ వేస్తే కూర చెడుతుంది.

తెచ్చుకోవాల్సింది కొంబు, మిసో, చిన్న మిరిన్ సీసా. వంద గ్రాముల కొంబుతో పది లీటర్ల దాషి వస్తుంది. చారుకు రిషిరి రకం, కూరలో ఉడికించి తినడానికి హిదకా. కత్సుఓబుషి తెస్తే చేప ఉత్పత్తి కింద కస్టమ్స్ దగ్గర చెప్పాల్సి ఉంటుంది, పైగా విప్పిన పొట్లం మన తీరపు గాలికి త్వరగా పాడవుతుంది. మిసోను డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, ఉప్పు వల్ల గడ్డకట్టదు, రంగూ మారదు. అసలు మిరిన్ మాత్రం ఫ్రిజ్‌లో వద్దు, పంచదార పలుకులుగా అడుక్కి దిగుతుంది.