పాచి పట్టదన్న పొరతో రెండున్నరేళ్లు

గుంటూరులో అమరావతి రోడ్డు వైపున్న ఒక ఆడపిల్లల హాస్టల్‌లో మురుగునీటి ప్లాంటు చూసుకోవడం నా పని. పాచి పట్టదని చెప్పి మాకు నానోఫైబర్ మెంబ్రేన్ పలకలు, అంటే మురుగునీటిని వడకట్టే సన్నదారాల పొర అతికించిన పలకలు, అమ్మి రెండున్నరేళ్లయింది. పాచి పడుతుంది. అయినా మళ్లీ కొనాల్సి వస్తే ఇవే కొంటాను.

మా ప్లాంటుకు అసలు పరీక్ష ఆదివారం. నాలుగు వందల మంది ఒకే రోజు తలంటు పోసుకుంటే కొబ్బరినూనె, షాంపూ నురగ, ఊడిన జుట్టు అన్నీ కలిసి సాయంత్రానికి ట్యాంకు చేరతాయి. వంటగది నుంచి వచ్చే వేపుళ్ల నూనె, పచ్చళ్ల జిడ్డు రోజూ ఉండేవే. ఇంతకుముందు వాడిన సన్న గొట్టాల రకం మెంబ్రేన్‌కు జుట్టు జడలా చుట్టుకునేది. పొరలోంచి నీళ్లు లాగడానికి పంపు ఎంత గట్టిగా పీలుస్తోందో చూపే గేజి ముల్లు సోమవారం పొద్దున్నే పైకి లేచి కూర్చునేది. నెలకోసారి మందు పెట్టి కడగక తప్పేది కాదు.

ఈ పలకల పైపొరలోని దారాలు వెంట్రుక కంటే వంద రెట్లకు పైగా సన్నం. పాలిమర్ ద్రావణాన్ని వేల వోల్టుల విద్యుత్తుతో దారంగా సాగదీసి చాపలా పరుస్తారు. సందులు ఎక్కువ కాబట్టి పంపు గట్టిగా పీల్చకుండానే నీళ్లు దిగుతాయి. దారాలకు నీటిని పట్టుకునే పూత ఉంటుంది. ఆ తడే పల్చని తెరలా నిలబడి నూనెను నేరుగా అంటుకోనివ్వదు. అమ్మేవాళ్లు చెప్పినప్పుడు నమ్మలేదు గానీ, సోమవారాల గేజి చూశాక నమ్మాను. ఇప్పుడు మందుతో కడగడం మూడు నెలలకోసారి. పలక బయటికి తీస్తే పైనున్న బురద అట్టులా ఊడి వస్తుంది.

ఆ పూతకు లొంగనిది మా బోరు నీళ్ల సున్నం. మొదటి వేసవిలో బ్లీచింగ్ ద్రావణంతో ఎంత కడిగినా ముల్లు దిగలేదు. తప్పు పలకలదే అనుకుని అమ్మినవాళ్లతో పోట్లాడాను కూడా. చివరికి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే తెల్లటి పెచ్చు వదిలి ముల్లు దిగింది. ఈ రెండు మందులూ ఎప్పుడూ కలవకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. మధ్యలో మంచినీళ్లతో బాగా కడగాలి. బ్లీచింగ్ ఘాటు పెంచితే తొందరగా పని అవుతుందన్న ఆశ కూడా వద్దు. పూత పోతే మిగిలేది మామూలు పొరే.

సంక్రాంతి సెలవుల్లో హాస్టల్ ఖాళీ అయింది కదా అని ట్యాంకు కడిగించి, రెండు పలకలను మూడు రోజులు ఎండలో వదిలేశాను. ఎండిపోయిన పొర మళ్లీ సరిగ్గా తడవలేదు, నీళ్లు సగమే దిగాయి. ఆ కంగారులో నీళ్లను వెనక నుంచి ఎదురు ఒత్తిడితో గట్టిగా తోసి కడిగితే ఒకదాని పైపొర కిందున్న గుడ్డ నుంచి బొబ్బలా లేచింది. నానోదారాల చాపకు సొంత బలం తక్కువ, కింది గుడ్డే దాని వెన్నెముక. ఈ మాట అమ్మినవాళ్లు ముందే చెప్పి ఉండాల్సింది.

వచ్చే నీళ్లు మాత్రం తేటగా, వాసన లేకుండా ఉంటాయి. వంటమాస్టారు ఒకరోజు గ్లాసులో పట్టి చూసి, "బోరు నీళ్లకన్నా ఇవే నయంగా ఉన్నాయి కదండీ" అన్నారు. గ్లాసు లాక్కోవాల్సి వచ్చింది. నీళ్లలో కరిగిన ఉప్పును ఈ పొర ఆపలేదు, టీడీఎస్ మీటరు ముందూ వెనకా దాదాపు ఒకే అంకె చూపిస్తుంది. మేం వాటిని మొక్కలకు, ఫ్లష్‌లకు వాడుతున్నాం.

కరెంటు పోతే ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్‌తో పాటు పీల్చే పంపు కూడా ఆగేలా వైరింగ్ చేయించుకోండి. కింది నుంచి గాలి బుడగలు రాకుండా పంపు ఒక్కటే నడిస్తే గంటలో పలకలకు బురద మెత్తేస్తుంది.

పాడైన ఆ రెండు పలకలకు బదులు కొత్తవి చెప్పాను. అవి వచ్చేలోపు ట్యాంకు ముందున్న 3 మిల్లీమీటర్ల జల్లెడ తీసి 1 మిల్లీమీటరుది పెట్టిస్తున్నాను, ఆదివారాల జుట్టు కోసం.